మొయ్యం అన్నవాళ్ళ వల్ల ఆగింది

పోయిన భాగంలో మున్సిపాలిటీ చెత్త తిరిగి తిరిగి మన వాడల పక్కకే ఎందుకు చేరుతుందో మాట్లాడుకున్నాం. ఈసారి అంతకంటే పెద్ద డంపింగ్ యార్డు గురించి. సముద్రం. అందులో పారబోసిన అణు వ్యర్థాలు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్ళకి అణువులతో ఏం పని అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. రియాక్టర్ లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి ఫిజిక్స్ వాళ్ళున్నారు. అది బయటికి కక్కినదాన్ని ఎటు తోలతారు, ఎవరితో మోయిస్తారు, మొయ్యనంటే ఏం చేస్తారు అనేది మాత్రం మన సబ్జెక్టు. ఊళ్ళో చచ్చిన గొడ్డు ఎటు పోతుందో తరతరాలుగా తెలిసిన జనం మనం.

పాత సామెత ఒకటుంది, ఊరన్నాక మాలపల్లె ఉండదా అని. మంచి ఉన్నచోట చెడు కూడా ఉంటుందిలే అనే అర్థంలో ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. సామెతల పాఠం చెప్పేటప్పుడు దీన్ని నేను దాటెయ్యను, బోర్డు మీద రాసి మరీ ఆగుతాను. ఎందుకంటే అందులో ఒక ప్లానింగ్ ఉంది. ఊరు శుభ్రంగా ఉండాలంటే మురికి పెట్టడానికి ఊరవతల ఒక చోటు కావాలి. ఆ చోట బతికేవాళ్ళని మనుషుల లెక్కలోంచి తీసెయ్యాలి. అణుయుగం సరిగ్గా ఇదే ప్లానుతో మొదలైంది. దాని ఊరవతల పేరు పసిఫిక్.

1946లో అమెరికా మార్షల్ దీవుల్లోని బికినీకి వెళ్ళి, అక్కడున్న 167 మందిని మానవాళి మేలు కోసం ఇళ్ళు ఖాళీ చెయ్యమంది. ఆ మానవాళిలో ఆ 167 మంది ఉన్నారో లేదో ఎవరూ అడగలేదు. జూలైలో రెండు బాంబులు పేల్చారు. ఏ ఓడ ఎంత తట్టుకుంటుందో చూడాలని పాత ఓడల్ని వరసగా నిలబెట్టారు. వాటిలో ఒకటి ఇండిపెండెన్స్ అనే విమానవాహక నౌక. తగలబడింది, రేడియేషన్ పట్టింది, మునగలేదు. దాన్ని లాక్కొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ షిప్‌యార్డులో పెట్టారు. బికినీ నుంచి వచ్చిన ఓడల్ని ఇసుకతో రుద్ది కడిగే ప్రయోగాలు అక్కడే జరిగాయి. ఆ షిప్‌యార్డుని ఆనుకుని ఉన్నది నల్లజాతి కార్మికుల బస్తీ. ఆ నేలని శుభ్రం చేసే పని ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పూర్తి కాలేదు. 1951 జనవరిలో ఇండిపెండెన్స్‌ని ఫారలాన్ దీవుల వైపు తీసుకెళ్ళి ముంచేశారు. 2015లో అమెరికా సముద్ర శాస్త్రవేత్తలు సోనార్ పెట్టి వెతికితే అడుగున దాదాపు చెక్కుచెదరకుండా కనిపించింది. ఒక్క ఓడ తిరిగిన దారి చూడండి: దీవి జనం ఇల్లు, నల్లవాళ్ళ బస్తీ, ఆఖరికి చేపలు పట్టుకునేవాళ్ళ సముద్రం. మ్యాపు తెలియక తిరిగిన దారి కాదది.

ఆ ఫారలాన్ దగ్గరే 1946 నుంచి 1970 వరకు సుమారు 47,800 డ్రమ్ములు పడేశారు. కొన్ని మునగక తేలితే తుపాకీతో కాల్చి చిల్లులు పెట్టి ముంచారు. వ్యర్థం బయటికి రాకూడదని డ్రమ్ములో పెట్టి, ఆ డ్రమ్ముకే చిల్లు పెట్టడం! తెలుగులో పారేయడం అనే మాటలోనే పారడం ఉంది కదా, అది ఎక్కడా ఆగదు అని మన భాషకి ముందే తెలుసేమో అనిపిస్తుంది.

బ్రిటన్ 1949లో మొదలుపెట్టి ఈశాన్య అట్లాంటిక్‌ని నింపింది. బెల్జియం, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ అదే దారి పట్టాయి. స్విట్జర్లాండ్‌కి సముద్రమే లేదు, అయినా పారబోయడానికి మాత్రం సముద్రం దొరికింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వేసిన లెక్క ప్రకారం 1946 నుంచి 1993 వరకు 14 దేశాలు, 80కి పైగా చోట్ల, పారేసిన నాటి కొలతలో సుమారు 85,000 టెరాబెక్వెరెల్ రేడియోధార్మికతని సముద్రంలో కలిపాయి. ఒక టెరాబెక్వెరెల్ అంటే సెకనుకి లక్ష కోట్ల అణువులు విచ్ఛిన్నం కావడం. సోషలిస్టు దేశం కాబట్టి సోవియట్ యూనియన్ వేరేగా ప్రవర్తించిందని అనుకునే మిత్రులు ఉంటారు, వాళ్ళ కోసం: ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో రియాక్టర్లకు రియాక్టర్లే ముంచేశారు, కొన్నిట్లో ఇంధనం అలాగే ఉంది. 1982లో కే-27 అనే జలాంతర్గామిని నొవాయా జెమ్ల్యా పక్కన 30 మీటర్ల పైచిలుకు లోతులో ముంచారు. అంత లోతంటే రెండు తాటిచెట్లు. ఆ దీవుల్లో బతికిన నేనెత్స్ ఆదివాసుల్ని అణుపరీక్షల కోసం 1950లలోనే పంపించేశారు కాబట్టి అడిగేవాళ్ళు లేరు. సంగతంతా 1993లో యాబ్లకొవ్ నివేదికతో గానీ బయటపడలేదు.

ఈ డ్రమ్ముల్లో ఎక్కువ భాగానికి అధికారికంగా ఉన్న పేరు ‘తక్కువ స్థాయి’ వ్యర్థం. సాంకేతికంగా ఆ పదానికి అర్థం ఉంది, కాదనను. కానీ తక్కువ, ఎక్కువ అని పేర్లు పెట్టి పక్కన పెట్టే పని ఎవరు చేస్తారో, పేరు పెట్టించుకున్నది ఎటు పోతుందో మనకి ఒకరు చెప్పాలా? 1972 నాటి లండన్ ఒప్పందం కూడా ఈ పేర్ల మీదే నిలబడింది. ఎక్కువ స్థాయి వ్యర్థం సముద్రంలో వెయ్యకూడదు. తక్కువ స్థాయిదైతే పర్మిట్ తీసుకుని వేసుకోవచ్చు. పర్మిట్ ఇచ్చేది ఎవరు? వేసే దేశమే. దొరగారు తన పొలం గట్టు తానే కొలుచుకున్నట్టు.

దీన్ని మార్చింది ఎవరనేదే నేను ఇవాళ రాయాలనుకున్నది. పర్యావరణం పుస్తకాల్లో ఈ కథ శాస్త్రవేత్తలు హెచ్చరించారు, దేశాలు మేల్కొన్నాయి, నిషేధం వచ్చింది అన్నట్టు ఉంటుంది. జరిగింది అది కాదు.

మొదట అడ్డం తిరిగింది దీవులవాళ్ళు. 1980 ప్రాంతంలో జపాన్ తన అణు వ్యర్థాల డ్రమ్ముల్ని పసిఫిక్‌లో, మరియానా దీవులకు ఉత్తరాన పడెయ్యాలని ప్లాను వేసింది. అధికారుల్ని దీవులకి పంపి, ఇది చాలా సురక్షితం అని వివరణలు ఇప్పించింది. బాంబుల్ని చూసిన జనానికి సురక్షితం అనే మాట కొత్త కాదు. హిరోషిమా మీద బాంబు వేసిన విమానం ఎగిరిన టినియన్ దీవి ఆ మరియానాల్లోదే. అంత సురక్షితమైతే మీ రాజధానుల్లోనే పెట్టుకోండి అని పసిఫిక్ ఉద్యమం మొత్తం ఒకటే మాట అంది. ఆ మాటకి ఇప్పటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు. 1985లో ఆ ప్రాంతానికి వెళ్ళిన జపాన్ ప్రధాని నకసోనే, మీ ఆందోళనని కాదని పారబొయ్యం అని చెప్పాల్సి వచ్చింది.

1983 ఫిబ్రవరిలో లండన్‌లో ఒప్పంద దేశాల సమావేశం. అక్కడ సముద్రంలో అణు వ్యర్థాలు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించాలని సవరణ పెట్టింది కిరిబాటి, నౌరు. ఈ రెండు దేశాల సంగతి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. నౌరు మొత్తం విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర ఒక మండలం అంత కూడా ఉండదు. ఫాస్ఫేటు కోసం బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆ దీవి నడుమంతా తవ్వేసి, రాళ్ళ పళ్ళు మిగిల్చి పోయాయి. ఆ ఫాస్ఫేటుతో పంటలు పండింది ఇంకెక్కడో. కిరిబాటికి 1979లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు ముందు 1957, 58లలో బ్రిటన్ అక్కడి క్రిస్మస్ దీవి, మాల్డెన్ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబులు పరీక్షించింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు కాని దేశం, తన పాత దొర రాజధానిలో కూర్చుని, నీ చెత్త మా నీళ్ళలో వెయ్యొద్దు అంది. ఇది మామూలు దౌత్యం అని నేననుకోను. వాడ నుంచి మొదటిసారి రచ్చబండ మీదికి ఎక్కి మాట్లాడటం ఎలా ఉంటుందో అలా ఉండుంటుంది.

వాళ్ళు అడిగింది అడిగినట్టు దక్కలేదు. శాస్త్రీయ సమీక్ష జరిగేదాకా ఆపాలని స్పెయిన్ తెచ్చిన తీర్మానం 19 ఓట్లతో గెలిచింది, 6 దేశాలు వ్యతిరేకించాయి. స్పెయిన్ వెనక కూడా ఉన్నది చేపలవాళ్ళే. 1981లో గలీసియా తీరం నుంచి షురేలో అనే చిన్న చేపల పడవ, డ్రమ్ములు పడేస్తున్న ఓడల్ని వెతుక్కుంటూ అట్లాంటిక్ మధ్యకి వెళ్ళింది. గ్రీన్‌పీస్ వాళ్ళు రబ్బరు పడవలతో డ్రమ్ములు పడేచోట నిలబడ్డారు. ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

అయితే ఆ తీర్మానానికి చట్టబద్ధత లేదు. బ్రిటన్ లెక్క చెయ్యలేదు, 1983 వేసవిలో ఎప్పట్లాగే పారబోస్తాం అని ప్రకటించింది. థాచర్ ప్రభుత్వం. ఓడ సిద్ధంగా ఉంది. అప్పుడు జరిగింది అసలు సంగతి. ఓడ కార్మికుల సంఘం, జిమ్ స్లేటర్ నాయకత్వంలో, ఆ సరుకు ఎక్కించం, ఆ ఓడ నడపం అంది. రైలు డ్రైవర్ల సంఘం ఆ డ్రమ్ముల్ని రేవుదాకా తేం అంది. రవాణా కార్మికుల సంఘం కలిసింది. ఓడ కదల్లేదు. ప్రభుత్వం ఒక విచారణ కమిటీ వేసి పరువు కాపాడుకుంది. 1982 తర్వాత అట్లాంటిక్‌లో ఒక్క డ్రమ్ము పడలేదు.

లండన్‌లో 19 దేశాలు చేతులెత్తినా ఆగనిది, రేవులో కార్మికులు చేతులు దించితే ఆగింది.

ఇది చదువుతుంటే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మహర్లకి చెప్పింది చచ్చిన గొడ్డు లాగడం మానెయ్యమనే. 2016లో ఊనాలో మనవాళ్ళని కట్టేసి కొట్టిన తర్వాత, గుజరాత్‌లోని సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన ఆవుల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు దించారు. మీ అమ్మ, మీరే పూడ్చుకోండి అన్నారు. బ్రిటన్ ఓడ కార్మికులు అంటరానివాళ్ళు కారు, ఆ పోలిక నేను చెయ్యడం లేదు. వాళ్ళకి సంఘం ఉంది, జీతం ఉంది, మొయ్యనంటే ఇల్లు తగలబెట్టేవాళ్ళు లేరు. కానీ మురికిని పుట్టించేవాడు దాన్ని తన చేత్తో ఎప్పుడూ మోయడు. మోసేవాడు ఒప్పుకున్నంత కాలమే అది ‘వ్యవస్థ’. అందుకే మొయ్యం అనే మాటని పిటిషన్ కంటే, సెమినార్ కంటే పైన పెడతాను. సెమినార్లకి పోయేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు ఉందనుకుంటా.

తర్వాత 1985. ఆ ఏడాది శాస్త్రవేత్తల సమీక్ష వచ్చింది. పారబోస్తే ఘోరం జరుగుతుందని ఆ సమీక్ష ఏమీ తేల్చలేదు. అయినా దేశాలు నిలుపుదలని గడువు లేకుండా పొడిగించాయి. ఇంకా చదవాల్సిన వాటిలో రాజకీయ, న్యాయ, ఆర్థిక, సామాజిక అంశాల్ని కూడా చేర్చాయి. ఇది చిన్న విషయం కాదు. ప్రమాదం ఎంత అని మాత్రమే కాకుండా, ఎవరి మీద పెడుతున్నారు అని కూడా అడగొచ్చని మొదటిసారి ఒప్పుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 6న దక్షిణ పసిఫిక్ దేశాలు రారోటోంగాలో సంతకాలు పెట్టి, తమ సముద్రంలో అణు వ్యర్థాలు వెయ్యడానికి వీల్లేదని రాసుకున్నాయి. తేదీ చూసినప్పుడల్లా నా మనసు ఇంకో తేదీ దగ్గరికి పోతుంది. దానికి సరిగ్గా 20 రోజుల ముందు, జూలై 17న, కారంచేడులో మాదిగపల్లె తాగే నీళ్ళలో కుడితి బకెట్ కడగొద్దన్నందుకు మనుషుల్ని వెంటాడి చంపారు. మా నీళ్ళలో మీ మురికి కలపొద్దు అన్నది రెండు చోట్లా ఒకటే మాట. ఒకచోట అది ఒప్పందమైంది, ఇంకోచోట నెత్తురైంది.

నిషేధం చట్టంగా మారడానికి 1993 దాకా పట్టింది. ఆ అక్టోబరులో రష్యా జపాన్ సముద్రంలో 900 టన్నుల ద్రవ వ్యర్థం పారబోసింది. ఎల్త్సిన్ టోక్యోకి వచ్చి వెళ్ళి వారం కాలేదు. జపాన్ మండిపడింది. రష్యా రెండో విడతని ఆపుకుంది. అంతదాకా పూర్తి నిషేధానికి ఒప్పుకోని జపాన్ రాత్రికి రాత్రి మనసు మార్చుకుంది. తన వాకిట్లో పడితే గానీ చెత్త కంపు తెలియదు మరి. నవంబరులో 37 దేశాలు అవునన్నాయి, ఎవరూ కాదనలేదు, 5 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఆ ఐదింటిలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాతోపాటు చైనా కూడా ఉంది. చైనా పేరు గుర్తుంచుకోండి, పని ఉంది. 1994 ఫిబ్రవరి నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. రష్యా దాన్ని ఒప్పుకోవడానికి 2005 దాకా పట్టింది.

గెలిచాం కదా, ఇంక చెప్పడానికేముంది అంటారా. చట్టంలో ‘డంపింగ్’ అంటే ఏమిటో చదవాలి. ఓడలు, విమానాలు, సముద్రంలో కట్టిన నిర్మాణాల నుంచి పారేస్తేనే అది డంపింగ్. ఒడ్డున నిలబడి గొట్టం పెట్టి వదిలితే దాని పేరు వేరు, ‘విడుదల’. బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ 1952 నుంచి ఐరిష్ సముద్రంలోకి గొట్టంతోనే వదిలింది. ఐర్లండ్ ఎంత మొత్తుకున్నా అది డంపింగ్ కాలేదు. అంటరానితనం నేరం, కానీ అద్దెకి ఇల్లు లేదనడం ఇంటి ఓనరు ఇష్టం! చట్టాలకి ఇలాంటి గొట్టాలు ఎప్పుడూ ఉంటాయి.

ఫుకుషిమా ఆ గొట్టం దారినే వచ్చింది. 2011 ప్రమాదం తర్వాత కరిగిన ఇంధనాన్ని చల్లబరిచిన నీళ్ళు, దానికి చేరే ఊటనీళ్ళు వెయ్యికి పైగా ట్యాంకుల్లో నిండాయి. 13 లక్షల టన్నుల పైమాటే. శుద్ధి చేశాక కూడా ట్రిటియం పోదు, దాన్ని సముద్రపు నీళ్ళతో పలచన చేసి, కిలోమీటరు పొడవు సొరంగం గుండా 2023 ఆగస్టు 24 నుంచి వదులుతున్నారు. ఈ పని దశాబ్దాలు సాగుతుంది. నిజాయితీగా చెప్పాలి: వదులుతున్న నీళ్ళలో ట్రిటియం లీటరుకి 1,500 బెక్వెరెల్ దాటకూడదని పెట్టుకున్నారు, జపాన్ చట్టం 60,000 దాకా ఒప్పుకుంటుంది. మామూలుగా నడిచే అణు కేంద్రాలు కూడా, చైనావి సహా, ట్రిటియం వదులుతూనే ఉంటాయి. రేపే చేపలన్నీ చచ్చిపోతాయి అని వాట్సాప్‌లో తిరిగేదాన్ని మనం ఫార్వర్డ్ చెయ్యనక్కర్లేదు. మన వాదనకి ఆ అబద్ధం అవసరం లేదు.

మన వాదన ఇది. 2015లో జపాన్ ప్రభుత్వం, టెప్కో కంపెనీ ఫుకుషిమా చేపల సహకార సంఘాలకి రాతపూర్వకంగా మాట ఇచ్చాయి, సంబంధిత జనం అర్థం చేసుకుని ఒప్పుకోకుండా ఆ నీళ్ళని ఏమీ చెయ్యం అని. 2018లో ఆ ‘శుద్ధి చేసిన’ నీళ్ళలో ఎక్కువ భాగంలో వేరే రేడియోధార్మిక పదార్థాలు పరిమితి దాటి ఉన్నాయని బయటపడింది, మళ్ళీ శుద్ధి చెయ్యాల్సి వచ్చింది. 2021లో మంత్రివర్గం నిర్ణయం తీసేసుకుంది. చేపలవాళ్ళు చివరిదాకా వద్దంటూనే ఉన్నారు. 2023 జూలైలో అణుశక్తి సంస్థ ఇచ్చిన నివేదికని అందరూ సర్టిఫికెట్‌లా చూపిస్తున్నారు. దాని ముందుమాటలోనే ఉంది, ఇది ఆ విధానాన్ని సిఫారసు చెయ్యడమూ కాదు, సమర్థించడమూ కాదు అని. ముందుమాట చదవకుండా పుస్తకం మీద మాట్లాడే అలవాటు మన సాహిత్య సభల్లోనే ఉందనుకున్నాను.

ఆగస్టు 31న జపాన్ వ్యవసాయ మంత్రి నోరుజారి ‘కలుషిత జలం’ అన్నాడు. ప్రభుత్వం పెట్టిన పేరు ‘శుద్ధి చేసిన జలం’. ప్రధాని మందలించి క్షమాపణ చెప్పించాడు. పేరు కోసం అంత పట్టుదల ఎందుకో పేర్ల బాధ తెలిసిన మనకి వివరించనక్కర్లేదు.

ఇక మోసేవాళ్ళు. అక్టోబరు 25న, విడుదల మొదలై రెండు నెలలకి, ఆ శుద్ధి యంత్రం పైపులు కడుగుతున్న కార్మికుల మీద రేడియోధార్మిక ద్రవం చిమ్మింది. ఇద్దరు ఆసుపత్రిలో చేరారు. చిమ్మింది 100 మిల్లీలీటర్లు అని కంపెనీ మొదట చెప్పి, తర్వాత కొన్ని లీటర్లు అంది. కార్మికులు కంపెనీవాళ్ళు కారు, కాంట్రాక్టు కింద సబ్‌కాంట్రాక్టు. జపాన్ అణు కేంద్రాల్లో ఈ పనికి ఊరూరు తిరిగే కూలీలకి ‘అణు జిప్సీలు’ అనే పేరు 1970ల నుంచే ఉంది. ఒసాకాలోని కామగసాకి, టోక్యోలోని సాన్యా లాంటి కూలీ అడ్డాల నుంచి వాళ్ళని తెస్తారు. ఫుకుషిమా చుట్టూ మట్టి ఎత్తే పనికి సెండాయ్ రైల్వే స్టేషన్లో పడుకునే నిరాశ్రయుల్ని పట్టుకుపోయిన సంగతి 2013లో పత్రికలకెక్కింది. ఆ కూలీ అడ్డాల్లో చేరేవాళ్ళలో బురాకుమిన్‌లు ఉన్నారు, కొరియన్లు ఉన్నారు. బురాకుమిన్‌లంటే తోలు పని, కబేళా పని, చావు పని చేసినందుకు అంటరానివాళ్ళైన జనం. 1871లో రద్దయిందన్న అంటరానితనం మీద 1922లో సూయిహైషా అనే సంఘం కట్టుకుని నిలబడ్డవాళ్ళు. జపాన్‌లో కులం లేదు అనే సోదరులు కొంచెం చదువుకోవాలి.

అంతర్జాతీయ స్పందన సంగతికొస్తే, చైనా ఆ రోజే జపాన్ సముద్ర ఆహారం మొత్తాన్ని నిషేధించింది. 1993లో తటస్థంగా కూర్చున్న చైనాయే. సముద్రం మీద ప్రేమ అని నేననుకోను. పసిఫిక్ దీవుల వేదిక తన సొంత నిపుణుల బృందాన్ని పెట్టుకుంది, ఆగమని అడిగింది. చివరికి నాయకులు చీలారు, కొందరు సైన్సుని నమ్ముతున్నాం అన్నారు, మెలనేషియా దేశాలు వద్దన్నాయి. సాయం చేసే చెయ్యి, చెత్త వేసే చెయ్యి ఒకటే అయినప్పుడు చీలిక రాకుండా ఎలా ఉంటుంది? మన ఊళ్ళలో పంచాయితీలు ఎలా నడుస్తాయో చూసినవాళ్ళు ఆ దీవుల నాయకుల్ని తొందరపడి తిట్టరు. నా బాధ వేరు. 1983లో రేవులో లేచిన చేతులు ఈసారి లేవలేదు. గొట్టానికి ఓడ అక్కర్లేదు, కళాసీ అక్కర్లేదు. మొయ్యం అనడానికి మోసేవాళ్ళనే లేకుండా చేశారు. మీట నొక్కితే చాలు.

అందుకే శ్రీకాకుళం వైపు చూడమంటున్నాను. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్న ప్లాను ఉంది. ఆ రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మిఠీ విర్దికి రావాల్సినవి. అక్కడి రైతులు వద్దంటే 2016లో ఇటు తిప్పారు. కొవ్వాడ తీరంలో ఉన్నది మత్స్యకారులు. వాళ్ళు ఎస్సీలు కారు, మన ఊళ్ళలో వాళ్ళకీ మనకీ మధ్య ఉన్న గోడ నాకు తెలుసు. అయినా గొట్టం కులం అడిగి నీళ్ళు వదలదు. అక్కడి విద్యార్థులు భూసేకరణ, పరిహారం కాగితాలు బాగానే చదువుతున్నారు. పర్యావరణ అనుమతుల కాగితాల్లో సముద్రంలోకి ఏం వదులుతారు, రోజుకి ఎంత, ఎవరు కొలుస్తారు, కొలిచినది ఎవరికి చెబుతారు అన్న పేజీలు కూడా అడిగి తెచ్చుకోండి. ఇంగ్లిషులో ఉంటే తెలుగు చెయ్యడానికి మేమున్నాం, అది మా పనే.

వచ్చే భాగం తుమ్మలపల్లె యురేనియం గని టెయిలింగ్ పాండ్ మీద. పులివెందుల, వేముల వైపు నుంచి చదువుతున్నవాళ్ళు బోరు నీళ్ళ సంగతి నాకు రాయండి.